చలిలోంచి వేడిని ఎత్తిపోసే యంత్రం

చలికాలంలో బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి, ఎండాకాలంలో ఇంట్లోని వేడిని లాగి బయటికి చేరవేసే యంత్రం హీట్ పంప్. తెలుగు ఇళ్లలో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ చేసేది ఇందులో సగం పని. లోపల తిరిగే గ్యాస్ దారి మళ్లించడానికి దానికి రివర్సింగ్ వాల్వ్ ఒకటి జోడిస్తే, మిగతా సగం పనీ చేస్తుంది. అమెరికాలో చలి ఉన్నా మరీ గడ్డ కట్టించని నార్త్ కరొలినా, వర్జీనియా, జార్జియా, టెన్నెసీ వంటి రాష్ట్రాల్లో దశాబ్దాలుగా ఇది మామూలు గృహోపకరణం. ర్యాలీ పక్కన కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలోనో, షార్లెట్, రిచ్‌మండ్ శివార్లలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంటితోపాటే ఈ యంత్రమూ వస్తుంది. తాళాలు చేతికిచ్చేవారు దాన్ని నడిపే పద్ధతి మాత్రం చెప్పరు. దాంతో గ్యాస్ ఫర్నేస్‌ను నడిపినట్టే దీన్నీ నడిపి, జనవరి కరెంటు బిల్లు చూసి యంత్రాన్ని తిట్టుకుంటారు. నిజానికి దాని స్వభావం వేరు. అది నెమ్మదిగా, నిలకడగా, గంటల తరబడి నడవాలని కోరుకునే యంత్రం.

గడ్డకట్టే గాలిలో వేడెక్కడిది?

చలి ఒంటికి తెలిసే లెక్క. భౌతికశాస్త్రం ప్రకారం వేడి అనేదే లేని స్థితి రావాలంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు దిగాలి. మంచు కురిసే రాత్రి వీచే గాలి కూడా అంతకన్నా దాదాపు 270 డిగ్రీలు పైన ఉంటుంది. ఆ గాలిలోని వేడిని పట్టుకోవాలంటే గాలికన్నా చల్లనిది ఏదో దానికి తగలాలి. ఇటీవలి వరకు అమెరికన్ ఇళ్లలో ఎక్కువగా వాడిన ఆర్-410ఏ అనే రిఫ్రిజిరెంట్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 51 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. బయటి యూనిట్ కాయిల్‌లో అది తక్కువ పీడనంతో, బయటి గాలికన్నా చల్లగా తిరుగుతూ, ఆ గాలి నుంచే వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కేసరికి అది కాగిపోతుంది. లోపలి కాయిల్‌కు చేరి, గదుల్లోకి వెళ్లే గాలికి ఆ వేడినంతా ఇచ్చేసి మళ్లీ ద్రవంగా మారుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే పీడనం పడిపోయి, చల్లబడి, తిరిగి బయటికి వెళ్తుంది.

ఆలోచన పాతదే. తర్వాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ 1852లోనే భవనాలను ఈ పద్ధతిలో వేడి చేయవచ్చని రాశాడు. ఆ దశాబ్దంలోనే ఆస్ట్రియాలో పీటర్ వాన్ రిటింగర్ ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో ఉప్పునీటిని ఇంకించడానికి ఈ సూత్రంతో యంత్రం కట్టాడు. జ్యూరిచ్ నగర మందిరాన్ని 1938 నుంచి లిమాట్ నది నీటిలోని వేడితో వెచ్చబరిచారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఇవాళ హీట్ పంప్ లేని వీధి కనిపించడం అరుదు. చలిదేశాల్లో ఇది పనిచేయదన్న మాటకు ఆ మూడు దేశాలే జవాబు.

ఖర్చు లెక్క ఎత్తిపోతల పథకం లెక్కలాంటిది. అక్కడ కరెంటు నీటిని పుట్టించదు, కింద ఉన్న నీటిని పైకి ఎత్తుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ అదే కరెంటుకు పారే నీరు తగ్గుతుంది. మామూలు కరెంటు హీటర్ ఒక యూనిట్ తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. మంచి హీట్ పంప్ బయట 47 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 8 సెల్సియస్, ఉన్నప్పుడు యూనిట్‌కు మూడు నుంచి నాలుగు యూనిట్ల వేడి తెచ్చిపెడుతుంది. బయట 17 ఫారన్‌హీట్‌కు, అంటే మైనస్ 8 సెల్సియస్‌కు, పడిపోతే అది రెండు, రెండున్నరకు తగ్గుతుంది. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. లోపల థర్మోస్టాట్‌ను ఒక్కో డిగ్రీ పెంచినా ఎత్తు పెరిగినట్టే.

ఇక్కడే ఒక చిక్కుంది. చలి ముదిరేకొద్దీ ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది, యంత్రం తేగలిగిన వేడి తగ్గుతుంది. ఈ రెండూ సమానమయ్యే ఉష్ణోగ్రతను బ్యాలెన్స్ పాయింట్ అంటారు. ఇంటి గోడలు, కిటికీలు, యంత్రం సైజును బట్టి ఇది ఇంటింటికీ మారుతుంది. అంతకన్నా చలి పెరిగితే యంత్రానికి తోడు కావాలి.

ఆక్స్ వెలిగితే మీటరు పరుగు

ఆ తోడు పేరు ఆగ్జిలరీ హీట్. థర్మోస్టాట్ తెర మీద ‘ఆక్స్’ అని కనిపిస్తుంది. లోపలి ఎయిర్ హ్యాండ్లర్‌లో గీజర్‌లో ఉండే రకం కరెంటు హీటర్లే పెద్దవి 5, 10, 15 కిలోవాట్ల సామర్థ్యంతో బిగించి ఉంటాయి. 10 కిలోవాట్ల హీటర్ గంట నడిస్తే 10 యూనిట్లు కాలతాయి. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే గంటకు డాలరున్నర. సీఓపీ మూడున్న రోజున అంతే వేడిని హీట్ పంప్ 50 సెంట్లకు ఇస్తుంది. బిల్లు పేలిపోయిన ఇంట్లో ముందుగా అనుమానించాల్సింది ఈ హీటర్లనే.

వీటిని చాలాసార్లు రప్పించేది చలి కాదు, ఇంట్లోవాళ్ల చెయ్యే. గది ఉష్ణోగ్రతకూ సెట్ చేసిన అంకెకూ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా రాగానే చాలా థర్మోస్టాట్లు ఆక్స్‌ను పిలుస్తాయి. రాత్రి 60 ఫారన్‌హీట్‌కు తగ్గించి పడుకుని, పొద్దున్నే 70కి పెంచితే తేడా పది డిగ్రీలు. హీట్ పంప్ ఒక్కటే అంత ఎక్కాలంటే రెండు మూడు గంటలు పట్టవచ్చు. థర్మోస్టాట్ అంతసేపు ఆగదు, హీటర్లన్నీ వెలిగిస్తుంది. రాత్రంతా పొదుపు చేసిన పైసలు పొద్దున గంటలో పోతాయి. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో ఇదే అలవాటు నిజంగా ఆదా చేస్తుంది, అందుకే ఈ పొరపాటు ఇంత వ్యాప్తిలో ఉంది.

హీట్ పంప్‌కు పనికొచ్చే పద్ధతి వేరు. చలికాలంలో మెలకువగా ఉన్న వేళలకు అమెరికా ఇంధన శాఖ సూచించే అంకె 68 ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్. ఆ దరిదాపుల్లో ఒంటికి నప్పిన అంకె పెట్టి దాన్ని వదిలేయాలి. రాత్రికి తగ్గించాలనుకుంటే రెండు డిగ్రీలు చాలు. వారం పది రోజులు ఊరెళ్తుంటే మాత్రం బాగా తగ్గించడమే లాభం. అప్పుడూ 55 కన్నా కిందికి దించితే నీళ్ల పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంది. తిరిగొచ్చాక ఒకేసారి పెంచకుండా రెండేసి డిగ్రీలు మెట్లుగా పెంచాలి. స్మార్ట్ థర్మోస్టాట్ ఉంటే అందులో ఆక్స్ లాకౌట్ అనే సెట్టింగ్ వెతకాలి. బయట 35 లేదా 40 ఫారన్‌హీట్ కన్నా వెచ్చగా ఉన్నప్పుడు ఆక్స్ రాకుండా అడ్డుకునేది అదే. చాలా ఇళ్లలో బిగించినవాళ్లు దాన్ని ముట్టుకోకుండానే వెళ్లిపోతారు. కరెంటు కంపెనీ వెబ్‌సైట్‌లో గంట గంటకూ వాడకం చూపే గ్రాఫ్ ఉంటే ఉదయం ఆరు గంటల దగ్గర నిటారుగా లేచే గీతే ఆక్స్ ఆనవాలు.

థర్మోస్టాట్‌లో ఉండే ‘ఎమర్జెన్సీ హీట్’ సంగతి ఇంకా దారుణం. బయట చలి ఎక్కువైంది కాబట్టి ఇది నొక్కాలని పేరును బట్టి అనిపిస్తుంది. అది నొక్కితే కంప్రెసర్ పూర్తిగా ఆగిపోయి ఇల్లంతా హీటర్ల మీదే నడుస్తుంది. బయటి యూనిట్ చెడిపోయి, మెకానిక్ కోసం ఎదురుచూస్తున్న రోజుల కోసం పెట్టిన మీట అది. మామూలు రోజుల్లో దాని జోలికి వెళ్లే పనే లేదు.

గోరువెచ్చని గాలి, గంటల తరబడి నడక

గ్యాస్ ఫర్నేస్ నుంచి వచ్చే గాలి 120 నుంచి 140 ఫారన్‌హీట్ ఉంటుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. హీట్ పంప్ గాలి చలి రోజుల్లో 90, 100 దగ్గరే ఉంటుంది. ఒంటి వేడికి అటూ ఇటూ ఉన్న గాలి వీస్తూ తగిలితే చల్లగానే అనిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట్ దగ్గర చెయ్యిపెట్టి ‘చల్లగాలే వస్తోందిరా’ అనడం, కొడుకు అంకె పెంచడం, ఆక్స్ వెలగడం చాలా ఇళ్లలో జరిగేదే. చెయ్యిని కాదు, థర్మామీటర్‌ను నమ్మాలి. గది నుంచి గాలిని లాగే రిటర్న్ గ్రిల్ దగ్గర ఒకసారి, వెంట్ దగ్గర ఒకసారి కొలిస్తే తేడా సాధారణంగా 15 నుంచి 25 డిగ్రీలు ఉండాలి. అంత ఉంటే యంత్రం బాగానే ఉంది.

గడ్డకట్టే రాత్రి అది ఆగకుండా నడిచినా కంగారు పడాల్సిన పనిలేదు. అలా నడిచేలానే దాని సైజు నిర్ణయిస్తారు. ఇక్కడ టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని మోసే శక్తి. ఒక టన్ను మంచును రోజులో కరిగించే వేడి నుంచి ఈ కొలత పుట్టింది. అవసరానికి మించిన టన్నుల యంత్రం పెడితే పది నిమిషాలు నడిచి ఆగడం, మళ్లీ లేవడం మొదలవుతుంది. ప్రతి లేవడమూ కంప్రెసర్‌కు దెబ్బే. పైగా ఎండాకాలంలో గాలిని త్వరగా చల్లబరిచి ఆగిపోయి, తేమను పిండకుండా వదిలేస్తుంది. ‘ఎందుకైనా మంచిది, ఒక టన్ను ఎక్కువ వేద్దాం’ అనే సలహాకు తలూపకుండా, గది గదికీ లోడ్ లెక్క కట్టిన కాగితం అడగాలి. అమెరికాలో ఆ లెక్కను మాన్యువల్ జే అంటారు.

బయటి యూనిట్‌పై తెల్లగా మంచు పట్టడమూ మామూలే. గడ్డకట్టే దశకన్నా చల్లగా ఉన్న కాయిల్‌కు గాలిలోని తేమ తగిలి పేరుకుంటుంది. తడిగాలి ఉండే 30, 40 ఫారన్‌హీట్ మధ్య రోజుల్లోనే ఇది ఎక్కువ. మంచు మందమైతే యంత్రం తనంతట తాను డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. బుస్సుమన్న చప్పుడుతో రివర్సింగ్ వాల్వ్ తిరగబడుతుంది, బయటి ఫ్యాన్ ఆగుతుంది, వేడి గ్యాస్ బయటి కాయిల్‌లోకి పారి మంచును కరిగిస్తుంది. ఐదు పది నిమిషాల్లో పని ముగుస్తుంది. ఆ వేళ యూనిట్ పైనుంచి తెల్లటి మేఘంలా లేచేది పొగ కాదు, ఆవిరి. ఆ కొద్దిసేపూ ఇంట్లోకి చల్లగాలి రాకుండా ఆక్స్ వెలుగుతుంది, అదీ సహజమే. రెండు మూడు గంటలైనా యూనిట్ మొత్తం గడ్డలో కూరుకుపోయి ఉంటే మాత్రం సెన్సర్ గానీ, డీఫ్రాస్ట్ బోర్డు గానీ, ఫ్యాన్ మోటార్ గానీ చెడి ఉండాలి, లేదా గ్యాస్ తగ్గి ఉండాలి. అప్పుడు ఎమర్జెన్సీ హీట్ పెట్టి మెకానిక్‌ను పిలవాలి. గడ్డను సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు. కాయిల్ రేకులు పలుచటి అల్యూమినియం, చిన్న దెబ్బకే వంగుతాయి. లోపలి గొట్టం చిల్లు పడితే మొత్తం గ్యాస్ పోతుంది.

గాలి ఆడితేనే యంత్రం

ఇంటివాళ్లు స్వయంగా చేయాల్సిన మరమ్మతులు తక్కువ. గాలి దారి తెరిచి ఉంచడమే ముఖ్యమైన పని. ఒక్కో టన్నుకు నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి లోపలి కాయిల్ మీదుగా వెళ్లాలి. గాలి తగ్గితే చలికాలంలో లోపల పీడనం పెరిగి కంప్రెసర్ బరువుగా లాగుతుంది. ఎండాకాలంలో లోపలి కాయిలే గడ్డకడుతుంది.

ముందుగా చూడాల్సింది ఫిల్టర్. అంగుళం మందం ఫిల్టర్‌ను నెలకోసారి తీసి వెలుతురుకు పెట్టి చూడాలి, వెలుతురు కనిపించకపోతే మార్చాలి. ఎంత ఆలస్యమైనా మూడు నెలలు దాటకూడదు. తెలుగు ఇళ్లలో ఇంకా త్వరగా మూసుకుపోతుంది. రోజుకు రెండుసార్లు పోపు, వారానికోసారి వేపుళ్లు, పూజగదిలో అగరొత్తులు, కర్పూరం ఉన్నచోట నూనె ఆవిరికి మసి అంటుకుని ఫిల్టర్ జిగటగా తయారవుతుంది. పొయ్యి మీది చిమ్నీ పొగను బయటికి పంపకుండా మళ్లీ వంటింట్లోకే వదిలే రకమైతే మరీను. శుభ్రత కోసమని, ఎంత సన్నటి దుమ్మును ఆపుతుందో చెప్పే మెర్వ్ అంకె బాగా ఎక్కువున్న పలుచటి ఫిల్టర్ వేయడం ఇంకో పొరపాటు. దుమ్ము బాగానే ఆగుతుంది, గాలీ ఆగుతుంది. మామూలు డక్టులకు మెర్వ్ 8 చాలు. 13 కావాలంటే నాలుగంగుళాల మందం పట్టే పెట్టె బిగించుకోవాలి. ఫిల్టర్ అంచున ఉన్న బాణం గుర్తు బ్లోయర్ వైపు చూడాలి.

వాడని గదుల వెంట్లు మూసేస్తే ఆదా అవుతుందన్నది ఉత్తమాట. డక్టుల్లో పీడనం పెరిగి, అతుకుల దగ్గర గాలి అటక మీదికి కారిపోతుంది. రిటర్న్ గ్రిల్‌కు అడ్డంగా సోఫా జరిపినా అదే ఫలితం. ఫ్యాన్ మీట ‘ఆటో’లో ఉండటం మేలు. ‘ఆన్’లో పెడితే ఎండాకాలంలో కాయిల్ మీద చేరిన నీరు మళ్లీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది, కరొలినాల ఉక్కకు అది తోడవుతుంది.

బయటి యూనిట్‌కు చుట్టూ రెండడుగులు, పైన ఐదడుగుల ఖాళీ కావాలి. వసంతంలో పచ్చగా రాలే పైన్ పుప్పొడి, గడ్డి కోసినప్పుడు ఎగిరే తుక్కు, దగ్గర్లో డ్రయ్యర్ గొట్టం ఉంటే దాని నూగు, అన్నీ కాయిల్‌కు పట్టుకుంటాయి. ఏడాదికోసారి పక్కనున్న డిస్‌కనెక్ట్ పెట్టె దగ్గర కరెంటు తీసేసి, తోట పైపుతో మెల్లగా కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ వాడితే రేకులన్నీ పడుకుంటాయి. పెంపుడు కుక్క అలవాటుగా కాలెత్తే చోటు అదే అయితే ఆ మూల కాయిల్ కొన్నేళ్లకే తుప్పు పట్టి రాలుతుంది, చిన్న కంచె వేయడం మంచిది. చూరు నుంచి నీళ్లు కారి యూనిట్ మీద పడి గడ్డకట్టే చోట గట్టర్ పెట్టించాలి. మంచు బాగా కురిసే ఊళ్లలో యూనిట్‌ను ఇనుప కాళ్ల మీద ఎత్తుగా నిలుపుతారు. డీఫ్రాస్ట్ నీరు కిందికి జారడానికీ ఆ ఎత్తు అవసరం. చలికాలం వచ్చిందని పట్టా కప్పేయడం వట్టి ఏసీకి చెల్లుతుంది, హీట్ పంప్‌కు ఊపిరాడకుండా చేయడమే.

ఎండాకాలంలో నీరు పోయే గొట్టం మీద కన్నేసి ఉంచాలి. ఎయిర్ హ్యాండ్లర్ అటక మీద ఉన్న ఇళ్లలో అది పాచి పట్టి మూసుకుపోతే ముందు తెలిసేది కింది గది సీలింగ్ మీద మరకతో. సీజన్‌కు ఒకసారి గొట్టంలో కప్పుడు వెనిగర్ పోస్తే పాచి పట్టదు. నీరు నిండగానే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ లేకపోతే పెట్టించుకోవాలి, ధర తక్కువే.

డక్టులు లేని మినీ స్ప్లిట్లకు ఫిల్టర్ జాలీని రెండు మూడు వారాలకోసారి కడగడమే ప్రధాన సేవ. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ తనే సర్దుకుంటుంది కాబట్టి మాటిమాటికీ ఆపి వేయకూడదు. ఇలాంటి ఇన్వర్టర్ రకాల్లోనే చలిదేశాల కోసం చేసినవి మైనస్ 15 ఫారన్‌హీట్ వరకు పనిచేస్తున్నాయి.

మెకానిక్ వచ్చినప్పుడు

ఏడాదికి రెండుసార్లు, చలికి ముందొకటి, ఎండకు ముందొకటి, సర్వీసింగ్ చేయించడం మంచిది. అసలైన సర్వీసింగ్‌లో కెపాసిటర్ కొలుస్తారు, కాంటాక్టర్‌లో చీమలు చేరాయేమో చూస్తారు, వైర్ల బిగింపులు పరీక్షిస్తారు, డీఫ్రాస్ట్‌ను నడిపి చూస్తారు, ఆక్స్ హీటర్లు లాగే కరెంటును కొలుస్తారు. ఇవేవీ లేకుండా పావుగంటలో గేజ్ తగిలించి వెళ్లిపోయేవాడిది సర్వీసింగ్ కాదు.

థర్మోస్టాట్ స్వయంగా మార్చుకునేవారు ఓ, బీ అనే వైరు విషయంలో జాగ్రత్తపడాలి. రివర్సింగ్ వాల్వ్‌ను నడిపేది అదే. ఎక్కువ కంపెనీల యంత్రాల్లో కూలింగ్‌లో ఉన్నప్పుడు దానికి కరెంటు వెళ్తుంది, కొన్నింటిలో హీటింగ్‌లో. సెట్టింగ్ తప్పితే వేడి అడిగినప్పుడు చల్లగాలి వస్తుంది. యంత్రం పాడైందని భయపడక్కర్లేదు, మెనూలో ఒక్క అక్షరం మారిస్తే సరిపోతుంది. గడ్డకట్టే చలిలో చాలాసేపు కరెంటు పోయి వచ్చాక వెంటనే కంప్రెసర్‌ను నడపకుండా, దాని అడుగున ఉండే చిన్న హీటర్ నూనెను వెచ్చబరిచేదాకా కొన్ని గంటలు ఎమర్జెన్సీ హీట్ మీద ఉంచమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. కొత్త యంత్రం పెట్టించినవారు కంపెనీ దగ్గర గడువులోగా నమోదు చేయించుకోవాలి. నమోదు చేస్తే పదేళ్ల వారంటీ, లేదంటే ఐదేళ్లే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది గ్యాస్ దగ్గర. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా ప్రతి వేసవిలో ఏసీకి గ్యాస్ నింపించడం ఆనవాయితీలా మారింది, అదే అలవాటుతో అమెరికాలోనూ తలూపుతారు. రిఫ్రిజిరెంట్ వాడేకొద్దీ అరిగిపోయే ఇంధనం కాదు. అది మూసిన గొట్టాల్లో తిరిగేది, యంత్రం జీవితకాలం సరిపోవాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ‘గ్యాస్ ఎక్కించాలి’ అన్నప్పుడు ‘లీక్ ఎక్కడ?’ అని అడగాలి. అమెరికాలో గ్యాస్ ముట్టుకునేవారికి పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధన 608 కింద సర్టిఫికేట్ తప్పనిసరి, దాన్ని చూపమని అడగడంలో తప్పులేదు.

గ్యాస్ రకాలూ మారుతున్నాయి. పాత ఆర్-22 తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. దాని చోట వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను తినకపోయినా, భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. అందుకే 2025 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే కొత్త యంత్రాల్లో 700 రెట్లు దాటిన గ్యాస్‌లు కుదరవు. ఇప్పుడు వస్తున్నవి 675 రెట్లున్న ఆర్-32, 466 రెట్లున్న ఆర్-454బీ. ఇండియాలో కొత్త ఏసీలు చాలావరకు ఇప్పటికే ఆర్-32 మీద నడుస్తున్నాయి. ఇంట్లో ఆర్-410ఏ యంత్రం ఉన్నవారు దాన్ని పీకేయాల్సిన అవసరం లేదు, మరమ్మతుకు ఆ గ్యాస్ దొరుకుతుంది. కొత్తవి రెండూ కొద్దిగా మండే గుణం ఉన్నవి, వాటికి తగ్గట్టు కట్టిన యంత్రాల్లోనే వాడాలి. పాత యంత్రంలో కొత్త గ్యాస్ ఎక్కిస్తాననే మెకానిక్‌ను గుమ్మం ఎక్కనివ్వకండి.